బీరువా గదిలో పడుతుందా? తెలిసిన వెబ్ విద్యతోనే ఏఆర్ యాప్
(హైదరాబాద్, మాదాపూర్‌లో వెబ్ డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి స్క్రీన్ కనిపిస్తోందిగా? లైట్లు మాత్రం ఆపకండి. కాసేపట్లో ఫోన్ పట్టుకుని ఈ హాల్లోనే చూపించాలి. వెలుతురు తగ్గితే ఫోన్‌కి నేల దొరకదు.

ఇక్కడున్న వాళ్లలో చాలామంది రియాక్ట్ రాసేవాళ్లే, అంటే జావాస్క్రిప్ట్‌తో వెబ్ పేజీలు కట్టేవాళ్లే. ఆగ్మెంటెడ్ రియాలిటీ, పొట్టిగా ఏఆర్, అంటే ఫోన్ కెమెరాలో కనిపించే గదిలో లేని వస్తువుని ఉన్నట్టు చూపించడం. ఆ మాట అనగానే ఆటలు తయారుచేసే యూనిటీ నేర్చుకోవాలి, దాని భాష సీ-షార్ప్ నేర్చుకోవాలి, అదంతా ఎప్పటికి అయ్యేను అని పక్కన పెట్టేస్తారు. పెద్ద ఆట తయారుచేయాలంటే ఆ దారే మంచిది, కాదనను. కానీ ఒక కొట్టులో ఉన్న సరుకుని కొనేవాళ్ల ఇంట్లో నిలబెట్టి చూపించడానికి మీకొచ్చిన జావాస్క్రిప్ట్ చాలు. కాంపొనెంట్లు, స్టేట్, ఈవెంట్లు, సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి. కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది మీటరు. ఇన్నేళ్లూ పిక్సెల్‌లో, పర్సెంట్‌లో ఆలోచించాం. ఇక్కడ ప్రతి అంకె మీటర్లలో ఉంటుంది, పైగా అది నిజమైన గదిలో నిజమైన గోడ పక్కన సరిపోవాలి. ఈ గంటలో ఎక్కువసేపు దాని మీదే ఉంటాను.

ఉదాహరణకి బీరువా తీసుకుందాం. మామూలు స్టీల్ బీరువా: 78 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు. మన ఫ్లాట్లలో పడగ్గది ఎలా ఉంటుందో తెలుసు కదా. ఒక పక్క కిటికీ, ఒక పక్క బాత్రూం తలుపు, మధ్యలో మంచం. ఆ కాస్త గోడలో బీరువా పడుతుందా? పడితే రెక్క పూర్తిగా తెరుచుకుంటుందా, మంచానికి తగులుతుందా? రెక్క ఒక్కోటి 18 అంగుళాలు. 19, 18 కలిపితే 37. అంటే గోడ నుంచి మంచం దాకా కనీసం 94 సెంటీమీటర్లు ఖాళీ కావాలి. కొనేవాళ్లకి కావలసింది ఈ జవాబు. మన యాప్ అందంగా ఉండి ఈ జవాబు తప్పు చెబితే దాని వల్ల నష్టమే ఎక్కువ.

ముందు ఫోన్ ఏం చేస్తుందో చూద్దాం. ఏఆర్ పని చేసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల ఏఆర్‌కోర్, ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల ఏఆర్‌కిట్. రెండూ 2017లో బయటికొచ్చినవే. కెమెరా దృశ్యంలో మూలలు, మచ్చలు, గీతలు లాంటి గుర్తుపట్టదగ్గ బిందువులని ఏరుకుంటాయి. ఫోన్ తిరగడాన్ని పసిగట్టే జైరోస్కోప్, వేగం మారడాన్ని పసిగట్టే యాక్సిలరోమీటర్ చెప్పే కదలికని వాటితో కలిపి, ఫోన్ ఇప్పుడు గదిలో ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అనేది లెక్కగడతాయి. ఒకే బిందువు రెండు వేర్వేరు చోట్ల నుంచి కనిపిస్తేనే దాని దూరం తెలుస్తుంది. అందుకే నిలబడ్డ చోటే ఫోన్‌ని గుండ్రంగా తిప్పితే ఎంతసేపైనా నేల దొరకదు. యాప్‌లో ‘ఫోన్‌ని అటూ ఇటూ తిప్పండి’ అని రాసిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వాక్యాన్ని ‘ఒక అడుగు పక్కకి జరగండి’ అని మార్చి చూడండి, సగం ఫిర్యాదులు పోతాయి.

మనకి దారులు మూడు.

మొదటిది మోడల్-వ్యూయర్. గూగుల్ తెచ్చిన వెబ్ కాంపొనెంట్. హెచ్‌టీఎంఎల్‌లో ఒక్క ట్యాగ్ అంతే. ఎస్‌ఆర్‌సీలో త్రీడీ బొమ్మ ఉన్న జీఎల్‌బీ ఫైలు, ఐఓఎస్-ఎస్‌ఆర్‌సీలో అదే బొమ్మ ఐఫోన్‌కి తగ్గ రూపంలో ఉన్న యూఎస్‌డీజెడ్ ఫైలు, ఏఆర్ అనే ఆట్రిబ్యూట్, ఏఆర్-మోడ్స్‌లో వెబ్‌ఎక్స్‌ఆర్, సీన్-వ్యూయర్, క్విక్-లుక్. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ లోపలే తెరుచుకుంటుంది, లేదంటే గూగుల్ వాళ్ల సీన్ వ్యూయర్‌కి వెళ్తుంది. ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల క్విక్ లుక్ తెరుచుకుంటుంది. యూఎస్‌డీజెడ్ ఇవ్వకపోతే అప్పటికప్పుడు అదే తయారుచేసుకుంటుంది గానీ, ముందే చేసి ఇవ్వడం మేలు. మెటీరియల్ ఎలా వస్తుందో మీ చేతిలో ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న ఆట్రిబ్యూట్ ఉంది, దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఏఆర్-స్కేల్. మామూలుగా అది ఆటో మీద ఉంటుంది. అంటే వాడేవాళ్లు రెండు వేళ్లతో బీరువాని చిన్నదీ పెద్దదీ చేయొచ్చు. గోడలో పట్టలేదనుకోండి, వేళ్లతో నొక్కి పట్టేలా చేసేస్తారు! బొమ్మ పట్టింది, అసలు బీరువా పట్టదు. లారీ దిగాక తెలుస్తుంది. అందుకని ఫిక్స్‌డ్ అని పెట్టండి. సామాను అమ్మే ఏ పేజీలోనైనా ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

మోడల్-వ్యూయర్‌తో రానిది ఏమిటంటే సొంత తర్కం. సీన్ వ్యూయర్‌లోకో క్విక్ లుక్‌లోకో వెళ్లాక పగ్గాలు మన చేతిలో ఉండవు. ‘ఇక్కడ పట్టదు’ అని చెప్పే బటన్, రంగు మార్చే మెనూ మన ఇష్టం వచ్చినట్టు పెట్టలేం. అవి కావాలంటే రెండో దారి, వెబ్‌ఎక్స్‌ఆర్, అంటే మన జావాస్క్రిప్ట్‌తోనే బ్రౌజర్‌లో ఏఆర్ నడిపే ఏపీఐ. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఏఆర్ సెషన్, కెమెరా చూపు నేలకో గోడకో ఎక్కడ తగిలిందో చెప్పే హిట్-టెస్ట్ 81వ వర్షన్‌తో 2020లో వచ్చాయి. ఐఫోన్ సఫారీలో వెబ్‌ఎక్స్‌ఆర్ ఏఆర్ లేదు. రెండు ఫోన్లలోనూ సొంత తర్కం నడవాలంటే మూడో దారి, రియాక్ట్‌తో ఫోన్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్. దాని సంగతి తర్వాత.

ఏ దారిలో వెళ్లినా మోడల్ సరిగా ఉండాలి. జీఎల్‌బీ ఫైలు పాటించే జీఎల్‌టీఎఫ్ ప్రమాణంలో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. వై అక్షం పైకి. వస్తువు ముఖం ప్లస్ జెడ్ వైపు. సీఎస్‌ఎస్‌లో వై పెరిగితే కిందికి దిగుతాం, ఇక్కడ పైకి వెళ్తాం. మొదటి రెండు రోజులు అందరి చేయీ తడబడేది ఇక్కడే. బీరువా కొలతలు మీటర్లలో: ఎత్తు 1.98, వెడల్పు 0.91, లోతు 0.48. అంగుళాన్ని 0.0254తో గుణిస్తే మీటరు వస్తుంది. డిజైనర్ మిల్లీమీటర్లలో గీసి, యూనిట్ మార్చకుండా పంపితే వెయ్యి రెట్లు పెద్ద బీరువా వస్తుంది. మీరు దాని లోపల నిలబడి ఉంటారు, స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. ‘మోడల్ లోడ్ అవ్వట్లేదు’ అని నెట్‌వర్క్ ట్యాబ్‌లో వెతికే ముందు బ్రౌజర్‌లో త్రీడీ గీసే లైబ్రరీ త్రీ జేఎస్‌లో బాక్స్‌3తో మోడల్‌ని కొలిచి కన్సోల్‌లో వేసి చూడండి.

త్రీడీ బొమ్మలు గీసే బ్లెండర్‌లో జెడ్ అక్షం పైకి ఉంటుంది, ఎగుమతిలో అదే మారుస్తుంది. కానీ ఎగుమతికి ముందు స్కేల్ అప్లై చేయాలి, అంటే చిన్నదీ పెద్దదీ చేసింది అసలు కొలతల్లోకే కలపాలి. మూలబిందువు ఎక్కడుందో కూడా చూడండి. బీరువాకి మూలబిందువు మధ్యలో ఉంటే సగం బీరువా నేలలోకి దిగిపోతుంది. కింది అంచున, వెనక రేకు మధ్యలో పెట్టండి. అప్పుడు ఆ బిందువుని నేలా గోడా కలిసే గీత మీద పెడితే బీరువా వీపు గోడకి ఆనుకుంటుంది.

మెటీరియల్ విషయంలో ఒక చిక్కుంది. స్టీల్ బీరువా కదా అని మెటల్‌నెస్, అంటే లోహపు గుణం, 1 పెడతారు. ఫోన్‌లో చూస్తే నల్లగా వస్తుంది. లోహం తనకంటూ రంగు వెదజల్లదు, చుట్టూ ఉన్నదాన్ని ప్రతిఫలిస్తుంది. సీన్‌లో ఎన్విరాన్‌మెంట్ మ్యాప్, అంటే చుట్టూ ఉన్నదాని బొమ్మ, లేకపోతే ప్రతిఫలించడానికి ఏమీ ఉండదు, అందుకే నలుపు. పైగా బీరువా పైన ఉండేది పెయింట్. దానికి మెటల్‌నెస్ 0, రఫ్‌నెస్ (గరుకుతనం) ఓ 0.4 సరిపోతుంది. పిడికి మాత్రం మెటల్‌నెస్ 1. అద్దం ఉన్న బీరువా అయితే అద్దానికి కూడా. త్రీ జేఎస్‌లో రూమ్ ఎన్విరాన్‌మెంట్ అని సిద్ధంగా ఒకటి ఉంది, దాన్ని సీన్‌కి తగిలించండి. ఇంకా బాగా కావాలంటే లైట్-ఎస్టిమేషన్ అడిగి గదిలో వెలుతురుకి తగ్గట్టు మార్చొచ్చు.

మోడల్ ఫైలు బరువు గురించి కూడా చెప్పాలి. ఫైలు సైజు, మెమరీ సైజు వేర్వేరు. 4096 చదరపు జేపెగ్ డిస్కులో రెండు మూడు ఎంబీలే ఉండొచ్చు, కానీ బొమ్మలు గీసే చిప్ జీపీయూలోకి వెళ్లాక విప్పుకుంటుంది. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, మొత్తం 64 ఎంబీ. దూరం నుంచి చూసేందుకు ఉంచే చిన్న కాపీలు, మిప్‌మ్యాప్‌లతో ఇంకో మూడో వంతు ఎక్కువ. కలర్‌కి, నార్మల్‌కి, రఫ్‌నెస్‌కి మూడు పెడితే 250 ఎంబీ దాటింది. 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో ట్యాబ్ అక్కడే మూసుకుపోతుంది. బీరువాకి 1024 చాలు, ఒక్కోటి 4 ఎంబీ. తాళం కన్నం, పిడి గీతలు నార్మల్ మ్యాప్‌లో (ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే బొమ్మ) పెడితే మొత్తం మూడు వేల త్రిభుజాలకి మించదు. మెట్రోలో నిలబడి మొబైల్ డేటా మీద తెరిచేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి జీఎల్‌బీ 3 ఎంబీ లోపు ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు కోడ్. ముందు పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. ల్యాప్‌టాప్‌లో వీట్ అనే డెవలప్‌మెంట్ సర్వర్ నడిపి, ఫోన్‌లో 192.168తో మొదలయ్యే అడ్రస్ కొడతారు. నావిగేటర్ డాట్ ఎక్స్‌ఆర్ అన్‌డిఫైన్డ్ అని వస్తుంది. ఫోన్‌కి ఏఆర్ లేదేమో అనుకుంటారు. తప్పు ఫోన్‌ది కాదు. సురక్షిత పేజీకే ఆ ఏపీఐ దొరుకుతుంది. లోకల్‌హోస్ట్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అందుకని యూఎస్‌బీ పెట్టి, ఆండ్రాయిడ్ డెవలపర్ టూల్ ఏడీబీలోని రివర్స్ కమాండ్‌తో 5173 పోర్టుని ఫోన్‌కి కలపండి. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ 5173 అని కొడితే తెరుచుకుంటుంది, ఏ సర్టిఫికెట్ గొడవా ఉండదు. ఆండ్రాయిడ్ 11 నుంచి వైఫై మీద కూడా డీబగ్గింగ్ ఉంది. గదంతా తిరుగుతూ పరీక్షించాలి కదా, వైరు లేకపోతే సుఖం. ఫోన్‌లోని కన్సోల్‌ని ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీలో చూసుకోవచ్చు.

తర్వాత ఈజ్-సెషన్-సపోర్టెడ్ అని అడిగి, అవునంటేనే బటన్ చూపించండి. సెషన్ అడగడం బటన్ నొక్కినప్పుడే జరగాలి, పేజీ తెరవగానే అడిగితే బ్రౌజర్ ఒప్పుకోదు. సెషన్ పేరు ఇమ్మర్సివ్-ఏఆర్. తప్పనిసరి ఫీచర్‌గా హిట్-టెస్ట్, ఐచ్ఛికంగా డామ్-ఓవర్‌లే (కెమెరా దృశ్యం మీద హెచ్‌టీఎంఎల్ చూపడానికి), యాంకర్స్ (వస్తువుని ఒక చోటికి కట్టి ఉంచడానికి), లోకల్-ఫ్లోర్ (ఎత్తుని నేల నుంచి లెక్కపెట్టడానికి). లోకల్-ఫ్లోర్ ఎందుకంటే, త్రీ జేఎస్ మామూలుగా ఆ రిఫరెన్స్ స్పేస్‌నే అడుగుతుంది. సెషన్‌ని మీరు సొంతంగా తెరిచి, ఆ పేరు ఇవ్వడం మరిచిపోతే సపోర్ట్ లేదని ఎర్రర్ వస్తుంది. లేదా త్రీ జేఎస్‌కి లోకల్ చాలని ముందే చెప్పండి.

రెండరర్‌లో ఆల్ఫా ట్రూ, ఎక్స్‌ఆర్ ఎనేబుల్డ్ ట్రూ. ఫ్రేమ్ లూప్‌కి విండో వాళ్ల రిక్వెస్ట్-యానిమేషన్-ఫ్రేమ్ వాడకండి, ఏఆర్ సెషన్‌లో దాన్ని నమ్ముకుంటే బొమ్మ కదలదు. సెట్-యానిమేషన్-లూప్ వాడండి, దానికిచ్చిన ఫంక్షన్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఎక్స్‌ఆర్ ఫ్రేమ్ వస్తుంది. వ్యూయర్ అనే స్పేస్ నుంచి హిట్-టెస్ట్ సోర్స్ తీసుకుంటే, స్క్రీన్ మధ్య నుంచి ఒక కిరణం గదిలోకి వెళ్లినట్టు. ప్రతి ఫ్రేమ్‌లో అది ఎక్కడ తగిలిందో అడిగి, అక్కడ ఒక చిన్న రింగు చూపిస్తాం. నొక్కగానే రింగు ఉన్న చోట బీరువా.

[ఫోన్ స్క్రీన్ ప్రొజెక్టర్ మీద కనిపిస్తోంది.]

చూడండి, కార్పెట్ వైపు పట్టుకున్నాను, ఒక అడుగు పక్కకి జరిగాను. రింగు వచ్చేసింది. కార్పెట్ మీద నేత ఉంది, గళ్లున్నాయి, బిందువులు కావలసినన్ని దొరికాయి. ఇప్పుడు అదే ఫోన్ ఆ తెల్ల గోడ వైపు పెడతాను. రింగు లేదు. ఇంకా లేదు. ఆ స్విచ్‌బోర్డు దగ్గరికి తెస్తే ఇదిగో, కాసేపు మెరిసి మళ్లీ పోయింది. సాదా పెయింట్ గోడ మీద ఫోన్‌కి పట్టు దొరకదు. మన ఇళ్లలో బీరువా పెట్టేది సరిగ్గా అలాంటి గోడకే కదా. అదీ మన అసలు సమస్య.

రింగు తగిలింది నేలకా గోడకా అని తెలుసుకోవడం సులువే. హిట్-టెస్ట్ ఇచ్చే 16 అంకెల మాట్రిక్స్‌లో వై అక్షం ఉపరితలానికి లంబంగా ఉంటుంది. సున్నా నుంచి లెక్కపెడితే 5వ అంకె ఒకటికి దగ్గరుంటే నేల, సున్నాకి దగ్గరుంటే గోడ. కానీ గోడే దొరకనప్పుడు? గోడని వెతకడం మానేసి నేలని నమ్ముకోండి. వాడేవాళ్లని స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) కింద, నేలా గోడా కలిసే గీత మీద రెండు చోట్ల నొక్కమనండి. కిటికీ పక్క ఒకటి, తలుపు చౌకట్టు పక్క ఒకటి. రెండూ నేల మీది బిందువులే, హిట్-టెస్ట్ హాయిగా ఇస్తుంది. ఆ రెంటినీ కలిపే గీతే గోడ దిశ. ఎక్స్‌లో తేడా డీఎక్స్, జెడ్‌లో తేడా డీజెడ్ అనుకుంటే, బీరువాని వై అక్షం చుట్టూ తిప్పాల్సిన కోణం ఏటాన్2 లోపల మైనస్ డీజెడ్, డీఎక్స్. ఆ మైనస్ మరిచిపోకండి. మరిచిపోతే అక్షాలకి సమాంతరంగా ఉన్న గోడ దగ్గర బాగానే ఉన్నట్టుంటుంది, వంకరగా ఉన్న గోడ దగ్గర ఎదురు దిశలో తిరుగుతుంది. పరీక్షలో దొరక్కుండా వాడేవాళ్ల ఇంట్లో దొరికే బగ్ ఇది.

ఇంకోటి, కుడి నుంచి ఎడమకి నొక్కితే బీరువా ముఖం గోడ వైపు తిరుగుతుంది. ముఖం దిశకీ, బీరువా నుంచి కెమెరా వైపు దిశకీ డాట్ ప్రొడక్ట్ తీయండి. రుణాత్మకం అయితే కోణానికి ఇంకో పై (π) కలపండి, అంటే 180 డిగ్రీలు. త్రీ జేఎస్‌లో కోణాలు రేడియన్లలో ఉంటాయి, మూడో దారిలో వాడే లైబ్రరీ వైరోలో డిగ్రీల్లో. ఒకదాన్నుంచి ఇంకోదానికి కోడ్ మార్చేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఈ రెండు నొక్కుల వల్ల ఇంకో లాభం: ఆ బిందువుల మధ్య దూరమే గోడ ఖాళీ వెడల్పు. అది 0.91 కన్నా ఎంత ఎక్కువో చూసి జవాబు చెప్పొచ్చు. కానీ ఏఆర్ కొలతలో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా మామూలే, వేలు పెట్టే చోటులో ఇంకాస్త. నేనైతే 5 సెంటీమీటర్ల వెసులుబాటు పెడతాను. ఖాళీ 0.96 మీటర్లు దాటితే ‘పడుతుంది’, 0.86 కన్నా తక్కువైతే ‘పట్టదు’, మధ్యలో ఉంటే ‘టేపుతో ఒకసారి కొలవండి’ అని నిజాయితీగా చెప్పాలి. మూడో మాట చెప్పడానికి కొట్టువాళ్లు ఇష్టపడరు. ఒప్పించండి. తప్పుగా ‘పడుతుంది’ అంటే సరుకు వెనక్కి తెచ్చే లారీ కిరాయి వాళ్లదే.

పెట్టిన బీరువా కాసేపటికి జరుగుతుంది. ఫోన్ గది గురించి కొత్తగా తెలుసుకున్నప్పుడల్లా తన లెక్క సరిదిద్దుకుంటుంది. కాబట్టి హిట్ రిజల్ట్ నుంచే యాంకర్ తయారుచేసి, ప్రతి ఫ్రేమ్‌లో యాంకర్ ఉన్న చోటికి బీరువాని చేర్చండి. నీడ కూడా తప్పనిసరి. నీడ లేని బీరువా నేలకి జానెడు పైన తేలుతున్నట్టు కనిపిస్తుంది. నిజమైన నీడ లెక్కగట్టడం ఖరీదు అనుకుంటే, అడుగున మెత్తటి నల్ల మచ్చ ఉన్న ఒక టెక్స్‌చర్ చాలు. మంచం వెనక పెట్టిన బీరువా మంచం ముందుకొచ్చినట్టు కనిపించడం ఇంకో సమస్య. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డెప్త్-సెన్సింగ్ ఫీచర్‌తో దాన్ని దాచొచ్చు. లేని ఫోన్లలో ఏమీ చేయలేం, గోడకి ఎదురుగా నిలబడమనాలి.

ఓవర్‌లే బటన్ల దగ్గర ఒక తిరకాసు. డామ్-ఓవర్‌లేలో ‘రంగు మార్చు’ బటన్ నొక్కితే రంగూ మారుతుంది, వెనక ఇంకో బీరువా కూడా పడుతుంది. ఆ నొక్కు ఏఆర్ సెషన్‌కి కూడా సెలెక్ట్‌గా వెళ్లింది. బిఫోర్-ఎక్స్‌ఆర్-సెలెక్ట్ అనే ఈవెంట్ విని, ఆ ప్యానెల్ మీద ప్రివెంట్-డిఫాల్ట్ చేయండి. ఇంకో సామాన్యమైన బగ్: మొదటిసారి బాగా నడుస్తుంది, బయటికొచ్చి మళ్లీ ఏఆర్‌లోకి వెళ్తే రింగు రాదు. సెషన్ ముగిసినప్పుడు పాత హిట్-టెస్ట్ సోర్స్‌ని నల్ చేయకపోవడమే కారణం. ఎండ్ ఈవెంట్‌లో శుభ్రం చేయండి. రియాక్ట్ వాడేవాళ్లు రింగు స్థానాన్ని యూజ్‌స్టేట్‌లో పెట్టకండి. సెకనుకి 30 నుంచి 60 సార్లు రీరెండర్ అవుతుంది, ఫోన్ వేడెక్కిపోతుంది. రెఫ్‌లో పెట్టి నేరుగా మాట్రిక్స్ మార్చండి. బీరువా పెట్టారా లేదా, ఏ రంగు, ఏ మోడల్, ఇవి స్టేట్‌లో ఉండొచ్చు.

మన ఫ్లాట్ల నేల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెరిసే విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్. వాటిలో ట్యూబ్‌లైట్, కిటికీ, సీలింగ్ ప్రతిబింబిస్తాయి. ఫోన్ ఆ ప్రతిబింబాల్లోని అంచులని బిందువులుగా పట్టుకుంటుంది. అద్దంలో వస్తువు అద్దం వెనక ఉన్నట్టు కనిపిస్తుంది కదా, అలాగే ఆ బిందువులు నేల కింద ఉన్నట్టు లెక్క వస్తుంది. దాంతో నేల ఉన్నదాని కన్నా కిందికి పోతుంది, బీరువా పాతుకుపోయినట్టో, దూరంగా చిన్నగా ఉన్నట్టో కనిపిస్తుంది. దీనికి మందు చాప. గోడ దగ్గర ఒక చాపో, జంపఖానానో, న్యూస్‌పేపరో పరిచి, దాని మీద ఫోన్ ముందు చూపించమనండి. నేల ఎత్తు ఒకసారి సరిగ్గా దొరికాక మిగతా టైల్స్ మీద కూడా నిలుస్తుంది. ఈ సూచనని బొమ్మతో సహా యాప్‌లో పెట్టండి. పగలు కర్టెన్లు తీయమనండి, రాత్రి గదిలో అన్ని లైట్లూ వేయమనండి.

ఇక తెలుగు అక్షరాలు. బీరువా మీద ధర, కొలత తెలుగులో చూపిద్దామనుకుంటారు. త్రీ జేఎస్‌లో టెక్స్ట్-జామెట్రీ వాడితే ‘స్టీల్’ అన్న మాట విడిపోతుంది. సకారం పక్కన పొల్లు, తర్వాత టకారం, దాని పక్కన గుడిదీర్ఘం, అన్నీ వరసగా విడివిడిగా. అది కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్ గుర్తులు, 6 ఉంటే 6 బొమ్మలు వేస్తుందే తప్ప ఒత్తు కింద పెట్టాలని దానికి తెలియదు. ఆ పని బ్రౌజర్‌కి బాగా తెలుసు. కాబట్టి 1024 బై 256 సైజులో ఒక టూడీ కాన్వాస్ తీసుకుని, ఫిల్‌టెక్స్ట్‌తో తెలుగులో రాసి, దాన్ని కాన్వాస్-టెక్స్‌చర్‌గా చిన్న పలక మీద అంటించండి. రాసే ముందు డాక్యుమెంట్ డాట్ ఫాంట్స్‌తో ఫాంట్ లోడ్ అయ్యేదాకా ఆగాలి, లేకపోతే మొదటిసారి వేరే ఫాంట్‌లో పడి అలాగే ఉండిపోతుంది. మెనూలు, సూచనలు మాత్రం డామ్-ఓవర్‌లేలోనే ఉంచండి. మామూలు హెచ్‌టీఎంఎల్ కదా, ఏ ఇబ్బందీ లేదు.

మూడో దారి, రియాక్ట్ నేటివ్‌తో వైరో. ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఆండ్రాయిడ్‌లో ఏఆర్‌కోర్‌నీ ఐఫోన్‌లో ఏఆర్‌కిట్‌నీ కలిపి మనకి కాంపొనెంట్లుగా ఇస్తుంది. ఏఆర్ సీన్ నావిగేటర్ లోపల ఏఆర్ సీన్, దాని లోపల లైట్, ప్లేన్ సెలెక్టర్, త్రీడీ ఆబ్జెక్ట్. పొజిషన్‌లో సున్నా, సున్నా, మైనస్ ఒకటి అంటే సెషన్ మొదలైనప్పుడు కెమెరా ఉన్న చోటికి ఒక మీటరు ముందు. రియాక్ట్ తెలిసినవాళ్లకి గంటలో చేయి తిరుగుతుంది. ఎక్కడ ఆగిపోతారంటే, రియాక్ట్ నేటివ్ యాప్‌లని పరీక్షించుకునే ఎక్స్‌పో గోలో నడవదు, సొంత డెవలప్‌మెంట్ బిల్డ్ కావాలి. ఐఓఎస్ సిమ్యులేటర్‌లో ఏఆర్‌కిట్ లేదు, నిజమైన ఐఫోన్ ఉండాల్సిందే. ఫైళ్లని యాప్‌లోకి చేర్చే మెట్రో అనే టూల్ కాన్ఫిగ్‌లో జీఎల్‌బీని అసెట్‌గా చేర్చకపోతే మోడల్ దొరకలేదంటుంది. బయట స్క్రీన్‌లో స్టేట్ మార్చినా లోపలి సీన్‌కి తెలియదు, ఎందుకంటే మొదటి సీన్‌ని ఒకసారి ఇచ్చేశాక నావిగేటర్ దాన్నే పట్టుకుంటుంది. వైరో-యాప్-ప్రాప్స్ ద్వారా పంపండి, లేదా స్టోర్ పెట్టుకోండి. ఆన్-ట్రాకింగ్-అప్‌డేటెడ్‌లో పట్టు ఎందుకు తప్పిందో కారణం కూడా వస్తుంది. కదలిక ఎక్కువైందా, బిందువులు చాలలేదా. దాన్ని బట్టి ‘నెమ్మదిగా’ అనో ‘చాప పరవండి’ అనో సరైన మాట చూపించొచ్చు. ఐఫోన్‌లో కెమెరా వాడుక వివరణ ఇన్ఫో పీలిస్ట్‌లో రాయకపోతే యాప్ అక్కడికక్కడే మూసుకుపోతుంది. ఆండ్రాయిడ్ మానిఫెస్ట్‌లో ఏఆర్‌కోర్‌ని ఆప్షనల్ అని పెట్టండి. రిక్వైర్డ్ అంటే ఏఆర్ లేని ఫోన్లకి ప్లే స్టోర్ మీ యాప్‌నే చూపించదు. జైరోస్కోప్ లేని చవక ఫోన్లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. వాళ్లకి మామూలు త్రీడీ బొమ్మ, కొలతల పటం చూపించాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మా దగ్గర వెబ్‌సైట్ ఉంది. దాన్నే వెబ్‌వ్యూలో పెట్టి యాప్ చేస్తే వెబ్‌ఎక్స్‌ఆర్ నడుస్తుందా?

నడవదండి. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో వెబ్‌ఎక్స్‌ఆర్ లేదు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ట్రస్టెడ్ వెబ్ యాక్టివిటీగా చేయండి, అది అసలు క్రోమ్‌లోనే తెరుచుకుంటుంది. ఇదే కారణంతో సోషల్ మీడియా యాప్‌ల లోపలి బ్రౌజర్లో మీ లింకు తెరిస్తే ఏఆర్ బటన్ రాదు. అలాంటప్పుడు బటన్ మాయం చేయకుండా ‘క్రోమ్‌లో తెరవండి’ అని చూపించండి. ఇంకో సైట్‌లో ఐఫ్రేమ్‌గా పెడితే ఎలౌ ఆట్రిబ్యూట్‌లో ఎక్స్‌ఆర్-స్పేషియల్-ట్రాకింగ్ రాయాలి.

ప్రశ్న: బీరువా పెట్టాక ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకి పంపాలంటున్నారు. కాన్వాస్ నుంచి ఇమేజ్ తీస్తే గది రావట్లేదు.

రాదు మేడమ్. మామూలు వెబ్‌ఎక్స్‌ఆర్ సెషన్‌లో కెమెరా దృశ్యం మన పేజీకి అందదు, బ్రౌజరే వెనక కలుపుతుంది. వాడేవాళ్ల పడగ్గది కెమెరా చిత్రం ప్రతి వెబ్‌సైట్‌కీ వెళ్లకూడదని అలా పెట్టారు, మంచి నిర్ణయం. క్రోమ్‌లో కెమెరా-యాక్సెస్ అనే ఫీచర్ విడిగా అడగొచ్చు, దానికి విడిగా అనుమతి కావాలి. అంత అవసరం లేదనుకుంటే ఫోన్ స్క్రీన్‌షాట్ తీయమని చెప్పి, ఆ రెండు సెకన్లు బటన్లన్నీ దాచేయండి. వైరోలో అయితే నావిగేటర్‌కే స్క్రీన్‌షాట్ ఫంక్షన్ ఉంది, గదితో సహా వస్తుంది.

ప్రశ్న: అన్నా, పెళ్లి కార్డు మీద ఫోన్ పెడితే వీడియో రావాలి. దానికి ఇదేనా?

దానికి ఇది వద్దు తమ్ముడూ, మైండ్-ఏఆర్ చూడు. బొమ్మని గుర్తుపట్టే లైబ్రరీ, మామూలు కెమెరా అనుమతితో నడుస్తుంది కాబట్టి ఐఫోన్ సఫారీలో కూడా పనిచేస్తుంది. కార్డు విషయంలో జాగ్రత్త. మన కార్డుల మీద బంగారు రేకు ముద్ర ఉంటుంది, వెలుతురు పడ్డ కోణాన్ని బట్టి ఒకసారి తెల్లగా ఒకసారి నల్లగా మెరుస్తుంది, గుర్తు తప్పుతుంది. రెండు పక్కలా ఒకేలా ఉండే అంచు డిజైన్లు కూడా పనికిరావు. లోపలి పేజీలో ఫొటో ఉంటే దాన్ని టార్గెట్‌గా పెట్టు. అచ్చుకి వెళ్లకముందే ఒక కాపీ మ్యాట్ కాగితం మీద తీసి పరీక్షించు.

ప్రశ్న: బీరువా నైరుతిలో పెట్టాలి, ఉత్తరం వైపు తెరవాలి అంటారు. యాప్‌లో దిక్కు చూపించగలమా?

ఇది మన దగ్గర తప్పకుండా వచ్చే కోరిక. వెబ్‌ఎక్స్‌ఆర్‌కి ఉత్తరం తెలియదు. సెషన్ మొదలైనప్పుడు ఫోన్ ఎటు ఉంటే అటు మైనస్ జెడ్, అంతే. ఏఆర్‌కిట్‌లో దిక్సూచితో కలిపే అమరిక ఒకటి ఉంది. కానీ ఆ దిక్సూచి ఫోన్‌లోని మాగ్నెటోమీటర్, దాని పక్కన ఇనుము ఉంటే పక్కకి లాగుతుంది. ఫ్లాట్‌లో శ్లాబులో ఇనుప చువ్వలు, గ్రిల్లు, పాత బీరువా, అన్నీ ఇనుమే. ఇరవై ముప్పై డిగ్రీలు తప్పినా ఆశ్చర్యం లేదు. నేను చెప్పేదేమిటంటే, దిక్కుని ఫోన్‌ని అడగకండి, ఇంటివాళ్లని అడగండి. స్కర్టింగ్ మీద రెండు నొక్కులు నొక్కాక ‘ఇది ఏ వైపు గోడ?’ అని నాలుగు బటన్లు చూపించండి. ఇంటి ప్లాన్ వాళ్ల దగ్గరుంటుంది, వాళ్లకి తెలుసు. గోడ కోణం మన దగ్గర ఉంది కాబట్టి, ఒక గోడ దిక్కు తెలిస్తే మిగతా గదంతా లెక్కలో వచ్చేస్తుంది.